రెండు టన్నుల మధ్యాహ్నాలు

నిద్రపోతున్న మనిషిని ఎలా చూడాలో నాకు యాభై దాటాక గానీ తెలియలేదు. అంతకు ముందు నేను చూసిన మనుషులందరూ నిలబడి ఉన్నవాళ్ళే. చేతులు రెండు పక్కలకీ కాస్త ఎత్తి, ఊపిరి బిగబట్టి, అద్దంలో తమని తాము దొంగచాటుగా చూసుకుంటూ నిలబడేవాళ్ళు. నేను దర్జీని. తిరుపతిలో కొండ కింద ఒక ఇరుకు వీధిలో, మా ఇంటి పంచలోనే మిషను వేసుకుని ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను.

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ ఎక్కడో కలలో జరిగినట్టే గుర్తుకొస్తాయి. కొండ ఎండకి తెల్లబడిపోయి, ఉందో లేదో తెలియకుండా ఉండేది. వీధిలో అలికిడి ఉండేది కాదు. నేను చీర అంచు కుడుతూ కుడుతూ కళ్ళు మూసేవాణ్ణి, తెరిచేసరికి అంచు పూర్తయి ఉండేది. మధ్యలో కుట్టింది ఎవరో నాకే తెలియదు. కాలు మాత్రం తొక్కుతూనే ఉండేది కాబోలు. అలాంటి మగతలో నేనుంటే, ఇంట్లో నా భార్యకి మాత్రం నిద్ర లేదు.

ఆమె ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకి లేచి వెళ్ళి, మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. మళ్ళీ అయిదున్నరకి రాత్రి వంటకి పోవాలి. తిరిగొచ్చి, ఇంటిపని చూసుకుని నడుము వాల్చేసరికి పదకొండు. అంటే ఆమెకి కాస్త కంటినిండా నిద్ర అనేది దొరికితే ఆ మధ్యాహ్నం మూడు గంటల్లోనే దొరకాలి. చలికాలంలో దొరికేది. ఎండలు ముదిరితే మా పైకప్పు పెనంలా కాలేది. ఫ్యాను ఆ వేడినే కిందకి తోసేది. తడి తువ్వాలు కప్పుకుని పడుకునేది, అది అరగంటకే ఎండిపోయేది.

ఆ ఏడు ఏప్రిల్లో హాస్టల్ వంటింట్లో నిలువునా కూలబడిపోయింది. పొయ్యికి ఒక్క అడుగు ఇవతల పడింది కాబట్టి సరిపోయింది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, రక్తం బాగుంది, గుండె బాగుంది, ఈమెకి నిద్ర లేదు అంతే అన్నారు డాక్టరమ్మ. "మధ్యాహ్నం మూడు గంటలు నిద్రపోనీండి. లేకపోతే ఈసారి పొయ్యి మీదే పడతారు" అని నా మొహం చూసి చెప్పారు, నేనేదో అడ్డం పడుతున్నట్టు. ఆసుపత్రి నుంచి వస్తుంటే ఆటోలో ఆమె తల నా భుజం మీద వాలింది. నాకు భయం వేసింది. ఏసీ పెట్టించాలని ఆటోలోనే తీర్మానించుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. ముందు పంచ, లోపల హాలు, హాలుకి ఒక పక్క చిన్న గది, వెనక వంటిల్లు. చిన్న గదిలో మనుషులుండరు. కుట్టాల్సిన గుడ్డల మూటలు, కుట్టేసిన బట్టలు, రెండు ట్రంకు పెట్టెలు ఉంటాయి. హాలులో మేముంటాం అని అనుకుంటాం గానీ, నిజానికి అది చుట్టాలది. తిరుపతిలో ఇల్లుంటే అది సగం సత్రమే. నాయుడుపేట నుంచి మా బావమరిది కుటుంబం, కార్వేటినగరం నుంచి మా చిన్నమ్మ వాళ్ళు, వాళ్ళ వెంట వాళ్ళ పక్కింటివాళ్ళు, దర్శనానికి ఎవరొచ్చినా ముందు మా గేటు గొళ్ళెం చప్పుడు చేస్తారు. వెళ్ళేటప్పుడు జుట్టుతో వెళ్తారు, కొండ దిగి గుండ్లకి చందనం పూసుకుని వచ్చి హాలునిండా చాపలేసుకుని పడుకుంటారు. ఒక్కోసారి తలుపు తీస్తే ఆ గుండ్లన్నీ వరసగా, ఎవరిది ఏదో తెలియకుండా ఉండేవి. ఇల్లంతా చందనం వాసన. నాకు అది ఇష్టం. మా ఇంటికి మనుషులొస్తారు అని చెప్పుకోవడం ఇంకా ఇష్టం.

"చిన్న గదిలో పెడితే చాలు గదా" అంది నా భార్య. "ఇద్దరమే గదా పండుకునేది."

"సుట్టాలొస్తే?" అన్నాను. "వాళ్ళని హాల్లో ఉడకబెట్టి మనం లోపల తలుపేసుకుని సల్లగా పండుకుంటామా? నలుగురూ ఏమనుకుంటారు?"

 ఒకసారి చెప్పి ఊరుకోవడం ఆమె అలవాటు. ఆ ఒక్కసారీ వినకపోవడం నా అలవాటు.

నా వృత్తిలో నాకొక పేరుంది. బడి యూనిఫారాలు నా దగ్గర కుట్టిస్తే రెండేళ్ళొస్తాయని తల్లులు చెప్పుకుంటారు. నడుము దగ్గర, అంచుల దగ్గర లోపలికి మడిచి గుడ్డ వదులుతాను. పిల్ల పెరిగితే విప్పుకోవచ్చు. ఏది కత్తిరించినా, రేపు పెరిగితే ఎట్లా అనే ముందు ఆలోచిస్తాను. ఏసీ కొట్లో కూడా నా బుర్ర అట్లాగే పనిచేసింది. ఒక టన్నుది, ఒకటిన్నర టన్నుది, రెండు టన్నులది అని మూడు రకాలు చూపించారు. నేను చుట్టాల ఇరవై గుండ్లనీ కళ్ళముందు పెట్టుకుని రెండు టన్నులదే కొన్నాను. ఆగితే పూర్తిగా ఆగి, నడిస్తే పూర్తి జోరుగా నడిచే పాత రకం అది.

బిగించడానికి వచ్చింది మా వీధి చివర ఉండే మెకానిక్కు. సాయిబుల కుటుంబం, మా కంటే పాత కాపురం. రంజానుకి వాళ్ళ పిల్లల బట్టలు నేనే కుడతాను. అతను హాలు చుట్టూ ఒకసారి చూసి తలగోక్కున్నాడు.

"అన్నా, గది కొలిచినావా?"

"నా కన్ను యాడన్నా తప్పిందాప్పా? పదకొండు, పదమూడు అడుగులు."

"ఎంతమంది పండుకుంటారు ఈడ?"

"ఇరవై మంది."

"రోజూనా?"

"వచ్చినప్పుడు వస్తారు. నువ్వు బిగించు."

అతను నవ్వి నిచ్చెనెక్కాడు. నా దగ్గరికి వచ్చినవాళ్ళు జాకెట్టు మెడ ఎంత వికారంగా దించమన్నా నేను దించి కుడతాను, వాళ్ళ ఇష్టం. అతనూ అంతే చేశాడు. పని అయ్యాక గ్లాసెడు మజ్జిగ తాగుతూ మాత్రం ఒక మాట చెప్పాడు. టన్ను అంటే పెట్టె బరువు కాదట. ఒక టన్ను మంచుగడ్డ ఒక పగలూ రాత్రీ కరిగితే ఎంత చల్లదనం వస్తుందో అంతట. కార్వేటినగరం చిన్నమ్మ ఫోనులో, "రెండు టన్నులా! గోడ ఆపుతాదా నాయనా?" అని అడిగితే ఆమెకి ఇదంతా నేను కనిపెట్టినట్టు విడమరిచి చెప్పాను.

ఆ మంచుగడ్డ నా మనసులోంచి పోలేదు. మిషను ముందు కూర్చుని కళ్ళు మూస్తే, మా హాలు నడుమ గుమ్మంలో పట్టనంత పెద్ద మంచుగడ్డ కనిపించేది. అది చప్పుడు లేకుండా కరుగుతుంటే, ఆ నీళ్ళ మీద చాపతో సహా నా భార్య మెల్లగా తేలుతూ నిద్రపోతూ ఉండేది. ఆ ఊహకే నా ఒళ్ళు చల్లబడేది.

మొదటి మధ్యాహ్నం ఆమె హాస్టల్ నుంచి వచ్చి, స్నానం చేసి, హాలులో చాప వేసుకుంది. నేను బటన్ నొక్కాను. అయిదు నిమిషాల్లో హాలు గడ్డకట్టింది. దుప్పటి తెచ్చి కప్పాను. టక్కుమని ఏసీ ఆగింది. చూశావా, ఎంత తొందరగా పని ముగించిందో అని మురిసిపోయాను. కాసేపటికి పైకప్పు వేడి మళ్ళీ దిగింది. ధడేలుమని ఏసీ లేచింది. మళ్ళీ అయిదు నిమిషాలు. మళ్ళీ టక్కు. ఆమె మాత్రం వెల్లకిలా, చీర పాదాల దాకా సర్దుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, పెదవులు మూసుకుని కదలకుండా పడుకుంది. నేను గుమ్మంలో కూర్చుని చూశాను. అంత అందంగా ఎవరూ నిద్రపోరు అనుకున్నాను.

"నిద్దర పట్టిందా?" అని అయిదింటికి అడిగాను.

"ఆ. బాగ పట్టింది" అంది.

వీధంతా చెప్పుకున్నాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ మా ఏసీ గురించి చెప్పాకే టేపు తీశాను. మే నెలలో చుట్టాలు రెండు సార్లు వచ్చారు. ఆ రెండు సార్లూ ఏసీ ఒక్కసారి కూడా ఆగకుండా నడిచింది. గుండ్లన్నీ హాయిగా గురకపెట్టాయి. మా బావమరిది నన్ను మెచ్చుకున్న మాటలు విని నాకు కడుపు నిండిపోయింది. ఆ రెండు మధ్యాహ్నాలూ నా భార్య వంటింట్లో వాళ్ళకి పులిహోర కలుపుతూ ఉందని నాకు గుర్తుంది. గుర్తుండటం వేరు, పట్టించుకోవడం వేరు.

జూన్లో ఒకటి రెండు వానలు పడ్డాక హాలు ఇంకోలా తయారైంది. చల్లగా ఉండేది గానీ ఒంటికి అంటుకునేది. చాప తడిగా తగిలేది. చుట్టాలు లేనప్పుడు హాల్లోనే గుడ్డలు పరిచి కత్తిరించేవాణ్ణి. ఇప్పుడు గుడ్డ మీద సుద్దగీత సరిగ్గా పడేది కాదు, చెదిరిపోయేది. సుద్ద మంచిది కాదని అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆమె కొత్త జాకెట్టు గుడ్డ తెచ్చి నా మిషను మీద పెట్టింది.

"ఈసారి చేతులు మోచెయ్యి దాటి కిందికి పెట్టు."

"ఏమ్మే, ఈ వయసులో కొత్త ఫ్యాషనా? హాస్టల్ పిల్లల్ని సూసి నేర్చుకున్నావా?"

"పెట్టమంటే పెట్టబ్బా."

ఆమె జాకెట్లన్నీ నేను ఒక్క ఆది జాకెట్టు పెట్టి కత్తిరిస్తాను. పెళ్ళైన కొత్తలో కుట్టింది, రంగు ఏమిటో కూడా ఇప్పుడు చెప్పలేం. దాన్ని గుడ్డ మీద పరిచి, నా కంటితో ఇక్కడ వేలెడు, అక్కడ అరవేలు పెంచి కత్తిరిస్తూ వచ్చాను. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ టేపు పెట్టిన నేను ఆమెకి ఎప్పుడూ పెట్టలేదు. అవసరమేముంది, నాకు తెలియని కొలతా అనుకునేవాణ్ణి. కానీ ఆ ఆది జాకెట్టుకి ఉన్నవి పొట్టి చేతులు. అందుకని మొదటిసారి మెడలోంచి టేపు తీసి, చెయ్యంతా కప్పుకున్న కొంగు మీద నుంచే ఆమె మోచేతి కింద చుట్టాను.

ఆమె "స్" అని చెయ్యి లాక్కుంది.

కొంగు తీసి చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం కాలి, నల్లబడి, అక్కడక్కడా ఇంకా పచ్చిగా ఉంది.

"ఎప్పుడు?"

"పది దినాలాయ."

"ఎట్ల?"

"సాంబారు గుండిగ దించతా దించతా కండ్లు మూసుకుపోయినాయి. రవంతే తొణికింది."

"మధ్యాన్నం నిద్రపోతానే ఉండావు గదా!"

ఆమె నా వైపు చూడలేదు. గుడ్డ అంచుని వేళ్ళతో నలిపింది.

"యాడ నిద్దర? ఆ ఏసీ టక్కుమన్నప్పుడల్లా మెలకువొస్తాది. సలేస్తాది, మళ్ళా ఉక్కేస్తాది. నువ్వు గుమ్మంలో కూసోని సూస్తా ఉంటివి గదా, కండ్లు మూసుకోని పండుకుంటి."

 నెలన్నరగా నేను గుమ్మంలో కూర్చుని కాపలా కాసింది నిద్రకి కాదు, ఆమె నా కోసం వేసిన వేషానికి. నేను గుమ్మంలో లేకపోయి ఉంటే కనీసం లేచి తిరిగేది, ముఖం కడుక్కునేది. నా మురిపెం కోసం కట్టెలా బిగుసుకుని పడుకుంది. సిగ్గేసింది. ఆమె మీద కూడా కోపమొచ్చింది, అంత కాలినా నాకు చెప్పనందుకు. ఆ కోపంలో గట్టిగా అరవబోయి, ఆమె చెయ్యి చూసి ఆగిపోయాను. ముందు మందు రాసి, తర్వాత నేరుగా మెకానిక్కు ఇంటికి నడిచాను.

అతను మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ఈసారి నేను నా కంటి గొప్ప చెప్పలేదు. నా టేపే తీసి అతని చేతికిచ్చాను. అతను హాలు పొడవూ వెడల్పూ కొలిచాడు. పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు, కిటికీ తెరిచి ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతుందో అడిగాడు. చిన్న గది కూడా మూటలు దాటుకుంటూ వెళ్ళి కొలిచాడు. తొమ్మిదీ పది. అప్పుడు నా వైపు కాక నా భార్య వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు యాడ పండుకుంటావు?"

ఇల్లు కట్టినప్పటి నుంచీ ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె హాలుకీ వంటింటికీ మధ్య గడప పక్కన నేల చూపించింది.

"ఈడ. గేటు చప్పుడైతే లేసి నీళ్ళు ఇయ్యాల గదా."

ఆ గడప మీద ఏసీ గాలి సూటిగా పడుతుంది. అక్కడికి తలుపు కూడా లేదు. మెకానిక్కు నిట్టూర్చి నాకు నా దర్జీ భాషలోనే చెప్పాడు.

"ఇది ఇరవై మందికి సరిగ్గా కుట్టినావన్నా. తప్పు దానిది కాదు. ఇద్దరుంటే అయిదు నిమిషాల్లో సల్లబరిసి నిలబడిపోతాది. గాలిలో ఉండే తేమ లాగాలంటే అది శానాసేపు నిదానంగా నడవాల. సిన్నదైతే ఆగకుండా నడుస్తాది, ఒక్క తీరుగా ఉంటాది, మనిషికి నిద్దర పడతాది. ఈ సిన్న గదికి ఒక టన్ను సాలు. దీనికి తలుపు గూడా ఉండాది గదా."

"చిన్న గదిలో పెడితే చాలు గదా" అన్న మాట నాకు అప్పుడు మళ్ళీ వినిపించింది. ఆమె మాత్రం ఆ మాట గుర్తు చెయ్యలేదు. గుర్తు చేసి రెండు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

బిగించిన ఏసీని కొట్టువాళ్ళు వెనక్కి తీసుకోరు. దానికీ మెకానిక్కే దారి చూపించాడు. రెండు వీధుల అవతల ఒక ట్యూషన్ సెంటర్లో పెద్ద గదికి ఒక టన్నుది పెట్టించుకుని, నలభై మంది పిల్లలు ఉడికిపోతున్నారట. అది పగలంతా ఆగకుండా మొత్తుకుంటున్నా గది చల్లబడటం లేదట. మాది వాళ్ళకి, వాళ్ళది మాకు. అక్కడి మాస్టారు కూడా కంటితోనే కొలిచాడని విని నాకు కొంచెం ఊరట కలిగింది.

చిన్న గది ఖాళీ చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ట్రంకు పెట్టెలూ గుడ్డల మూటలూ హాల్లోకి వచ్చాయి. ఎవరో ఎప్పుడో కుట్టించుకుని తీసుకుపోవడం మరిచిపోయిన పావడాలు, ఇప్పుడు ఆ పిల్లలకి పిల్లలుండే వయసు, అవన్నీ బయటపడ్డాయి. మెకానిక్కు చెప్పినట్టు మిద్దె మీద నేనే చీపురు పట్టుకుని రెండు పూతలు సున్నం కొట్టాను. కిటికీకి ఒక ముదురాకుపచ్చ గుడ్డ లోపల మడత వదలకుండా, అంగుళం తేడా లేకుండా కొలిచి కుట్టి కట్టాను. ఆ పరదా వేస్తే గదిలో వెలుగు చెరువు అడుగున ఉన్నట్టుంటుంది. ఏసీ వేస్తే మొదట కాసేపు ఏమీ జరగదు. తర్వాత చల్లదనం ఎప్పుడొచ్చిందో తెలియకుండా వస్తుంది. దాని చప్పుడు కూడా అంతే, ఎవరో పక్క గదిలో తమలో తాము గొణుక్కుంటున్నట్టు ఒకే తీరుగా సాగుతుంది.

నేను మాత్రం ఆ గది గుమ్మంలో కూర్చోలేదు. తలుపు మూసి, వచ్చి పంచలో మిషను ముందు కూర్చున్నాను. "పట్టిందా" అని అడగలేదు. అడిగితే పట్టిందనే చెప్తుంది. ఎలా తెలుసుకోవాలో తెలియక వారం రోజులు తెగ ఇబ్బంది పడ్డాను.

ఒక శనివారం మధ్యాహ్నం మూడింటికి మా గేటు ముందు రెండు ఆటోలు ఆగాయి. కార్వేటినగరం చిన్నమ్మ, ఆమె కొడుకు, కోడలు, పిల్లలు, పక్కింటివాళ్ళు, మొత్తం తొమ్మిది మంది. ఒకడు గొళ్ళెం టకటకా కొడుతుంటే, ఇంకొకడు సంచులు దించుతూ కేకలేస్తున్నాడు. చిన్నమ్మ అలవాటు ప్రకారం గేటు దగ్గర నుంచే నా భార్యని పిలవబోయింది. నేను నోట్లో గుండుసూదులతోనే పరిగెత్తి, పెదవుల మీద వేలు పెట్టాను. సూదులు ఉమ్మేశాను.

"అరవద్దు చిన్నమ్మా. ఇంట్లో నిద్రపోతా ఉండాది. అయిదింటికి లేస్తాది. అంతదాకా ఈ పంచలో కూసోండి. నీళ్ళు నేను తెస్తా."

"ఈ ఎండలోనా? ఏసీ పెట్టించినావంటనే నాయనా. రెండు టన్నులంటివే."

"అది మార్చేసినా. ఇప్పుడుండేది ఇద్దరికే సరిపోతాది."

 చిన్నమ్మ మొహం ముడుచుకుంది. ఆమె నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. రేపు కార్వేటినగరమంతా నా గురించి ఏమనుకుంటుందో నాకు తెలుసు. ఆమె కొడుకు సంచి మీద కూలబడి ఎటో చూశాడు. నేను కుండలో నీళ్ళు, మజ్జిగ తెచ్చిచ్చాను, హాల్లో ఫ్యాను వేసి మూటల మధ్య పిల్లలకి చాపలు పరిచాను. పిల్లలు పరిగెత్తారు, ఒకడు ట్రంకు పెట్టె మీద నుంచి పడి ఏడ్చాడు. గిన్నెలు మోగాయి. వంటింట్లో నేను రెండు గ్లాసులు కింద పడేశాను.

ఇంత జరిగాక, ఇక ఆమె లేచే ఉంటుందని, చీర సర్దుకుని వచ్చేస్తుందని అనుకుంటూ చిన్న గది తలుపు సన్నగా తీసి చూశాను. ఆకుపచ్చ వెలుగులో ఆమె ఒక పక్కకి ఒరిగి, ఒక కాలు దుప్పటి బయట పడేసి, నోరు తెరుచుకుని పడుకుంది. జుట్టంతా ముఖం మీద పడింది. ఏమాత్రం అందంగా లేదు. నేను తలుపు మళ్ళీ మెల్లగా మూశాను. మూసిన తలుపుకి వీపు ఆనించి కాసేపు అక్కడే నిలబడ్డాను.

అయిదింటికి తలుపు తీసుకుని వచ్చింది. హాల్లో మనుషుల్ని చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. చిన్నమ్మ ముడుచుకున్న మొహంతోనే పలకరించింది.

"ఎప్పుడొచ్చినారు?" అని నన్ను అడిగింది గాభరాగా. "గేటు చప్పుడే వినపడల్యా నాకు."

"రెండు గంటలాయ" అన్నాను.

"రెండు గంటలా?" అంది. మళ్ళీ ఒకసారి, తనలో తను, "రెండు గంటలా" అనుకుంటూ చెంప మీద అచ్చుపడిన చాప గీతల్ని వేళ్ళతో తడుముకుంది.